నవారు బిగువు

చేతిపని అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అయినా నా పడకగదిలోకి ఇష్టపడి తెచ్చుకున్న చేతిపని వస్తువుల్లో చాలావాటిని నేనే పాడుచేశాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. ప్రతిచోటా తెలిసినవాళ్ళు నాకు ముందే చెప్పారు. నేను వినలేదు.

హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కున్నప్పుడు హాలూ వంటగదీ ఎలా ఉండాలో మావారికీ పిల్లలకీ వదిలేశాను. పడకగది మాత్రం నాది అన్నాను. టేకు పట్టెమంచం, బూరుగుదూది పరుపు, కింద వరంగల్ జంపఖానా, పెడన కలంకారీ దుప్పటి, చలికాలానికి గొంగడి. అన్నీ మనిషి చేతుల్లో తయారైనవే ఉండాలని పట్టుబట్టాను. కోనసీమలో మా అమ్మమ్మ గది నా మనసులో అలాగే ఉండిపోయింది.

అమ్మమ్మ మంచం అప్పటికే లేదు. పెంకుటిల్లు పడగొట్టి డాబా కడుతున్నప్పుడు మా మావయ్య అందరినీ అడిగాడు, ఎవరైనా తీసుకెళ్తారా అని. నన్నూ అడిగాడు. అద్దె ఇల్లు, ఇరుకు అన్నాను. పాత సామాన్లు కొనే మనిషి వచ్చి నవారు విప్పేసి, కోళ్ళు, పట్టెలు దేనికది ఊడదీసి బండి మీద పేర్చుకుపోయాడు. ఆ మంచంలో ఒక్క మేకు లేదు, జిగురు చుక్క లేదు. పట్టె కొసను చెక్కి కోడుకు తొలిచిన బెజ్జంలో దూర్చడం, అంతే. ఆ విడదీయడం నేను దగ్గరుండి చూశాను. చూసి కూడా అది ఇన్నేళ్ళు ఎలా నిలబడిందో ఆలోచించలేదు.

కొత్త మంచానికి మా ఊరి వడ్రంగి ఆచారిగారి దగ్గరికే వెళ్ళాను. అమ్మమ్మ ఇంటి ద్వారబంధాలు వాళ్ళ నాన్నగారి చేతివే. అప్పుడు వానాకాలం. కర్ర అడితిలో తీసుకున్న టేకును ఆయన చేత్తో నిమిరి, ఒక ముక్క చిత్రిక పట్టి చూసి, "పచ్చి ఇంకా పోలేదండి అమ్మాయిగారూ. ఓ ఎండాకాలం గడవనివ్వండి, అప్పుడు చేసిద్దాం" అన్నారు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశామని చెప్పాను. గది ఎలా ఉండాలో చూపే ఫోటో కూడా అప్పటికే నా దగ్గర ఉంది. తలవైపు ఒకే వెడల్పాటి పలక, నిండా ముదురు గోధుమ రంగు, అంచున పాలరంగు చార. ఆయన ఆ ఫోటో చూసి ఇంకో మాట చెప్పారు. ఆ పాలరంగు భాగం చేవ కాదు, తెల్లకర్ర, పురుగు పడుతుంది. అంత వెడల్పు పలకని కదలకుండా బిగిస్తే పగులుతుంది, మూడు ముక్కలుగా చేసి చట్రం గాడిలో కాస్త వదులుగా కూర్చుదాం అని. నాకు గీతలు అడ్డం వస్తాయనిపించింది. ఒకటే పలక కావాలన్నాను.

ఇందులో దాపరికమేమీ లేదు. చెట్టు కొట్టినప్పుడు కర్రలో నీరు నిండుగా ఉంటుంది. ఇంటి సామాను చేయాలంటే ఆ తేమ 10, 12 శాతానికి దిగాలి. దిగేటప్పుడు కర్ర పొడవునా దాదాపు ఏమీ తగ్గదు. అడ్డానికి తగ్గుతుంది. అందుకే వెడల్పు పలకకు కదలడానికి చోటు ఇస్తారు. చోటివ్వకపోతే తనకు తనే చోటు చేసుకుంటుంది, అదే పగులు. ఆరడం అక్కడితో ఆగిపోదు కూడా. గాలిలో తేమ ఎలా ఉంటే కర్ర అలా సర్దుకుంటూనే ఉంటుంది. కోనసీమ వానాకాలపు గాలిలో చేసిన మంచాన్ని నేను హైదరాబాదు ఎండాకాలంలోకి, రాత్రంతా ఏసీ నడిచే గదిలోకి తెచ్చాను. పైగా పలకకు కనబడే వైపే మెరుపు పాలిష్ వేయించి, గోడవైపు ఖర్చెందుకని వదిలేశాను. ఒకవైపు నుంచి తేమ పోతూ, రెండోవైపు పోకపోతే పలక వంగకుండా ఏం చేస్తుంది?

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది నవారు సంగతి.

అమ్మమ్మ మంచం ఎలా నిలబడిందో ఇప్పుడు నాకు తెలుసు. నవారు ఒక పక్కపట్టె నుంచి రెండో పక్కపట్టెకు చుట్టుకుంటూ పోతుంది. దానికి అడ్డంగా, తలపట్టె నుంచి కాళ్ళపట్టెకు ఇంకో వరస ఒకటి పైకీ ఒకటి కిందకీ అల్లుకుపోతుంది. బిగించిన కొద్దీ ఆ అల్లిక నాలుగు పట్టెలనూ లోపలికి లాగుతుంది. ఆ లాగుడుకే పట్టెల కొసలు కోళ్ళ బెజ్జాల్లో గట్టిగా కూర్చుంటాయి. మనిషి పడుకుంటే ఆ బరువుకు నవారు ఇంకాస్త లాగుతుంది, మంచం ఇంకాస్త బిగుస్తుంది. జిగురు చేసే పనీ, మేకు చేసే పనీ ఆ నూలు పట్టీయే చేస్తోంది. పక్కన కాసేపు కూర్చుని చూస్తే అర్థమయ్యే విషయం. వేసవి సెలవుల్లో అమ్మా పిన్నీ మంచాన్ని పెరట్లో ఎండలో వేసి, నల్లులు పోవడానికి సందుల్లో మరిగే నీళ్ళు పోసి, ఆరాక ఒకరు పట్టెకు కాలు తన్నిపెట్టి, ఇంకొకరు వరస వరసా లాగి బిగించేవారు. మేం పిల్లలం చుట్టూ ఉండేవాళ్ళం. అది ఏటా చేసే పని. చేయకపోతే అది కుక్కిమంచం అయిపోతుంది.

నేను ఆ పని వద్దనుకున్నాను. నవారు వదులైతే ఎవరు బిగిస్తారు, నగరంలో మనిషి దొరకడు, నడుం నొప్పి వస్తుంది అని లెక్కవేసుకుని, మంచానికి కింద బద్దలు వేయించాను. పైన అందానికి నవారు పరిపించి పక్కలకు మేకులు కొట్టించాను. ఆచారిగారు "అయితే దీన్ని పట్టేది ఏదండి?" అని అడిగారు. జిగురు పెట్టి, స్క్రూలు బిగించమన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. నేను చెప్పినట్టే చేశారు.

మొదటి ఎండాకాలంలోనే ఒక రాత్రి పలక పెద్ద చప్పుడుతో పైనుంచి కింది దాకా చీలింది. పక్కపట్టెలు సన్నబడి బెజ్జాల్లో కదలడం మొదలుపెట్టాయి. పక్కకు తిరిగితే కిర్రుమనేది. వానలు మొదలయ్యేసరికి పాలరంగు చార కింద నేల మీద సన్నటి పిండి రాలుతోంది, పురుగు పడింది. అమ్మమ్మ మంచమైతే విప్పి, బెజ్జంలో సన్నటి చీలిక దిగ్గొట్టి, మళ్ళీ బిగించేవాళ్ళు. ఇది విప్పడానికి రాదు, కొన్నిచోట్ల జిగురు ఇంకా పట్టే ఉంది. నవారు ఉంది, కానీ అది దేన్నీ లాగడం లేదు.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఇంకో మెట్టు దిగింది. ఇంటికి వచ్చినవాళ్ళు పగులు చూసి అడిగితే, "ఊళ్ళో చేయించానండి, పని అంత బాగా రాలేదు" అన్నాను. ఒకసారి కాదు, అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను. చేతిపని కళాకారుల గురించి ఎంతో మాట్లాడే నేను, తరాలుగా ఆ పని చేస్తున్న మనిషి పేరు మీద నా తప్పు రాశాను. పలక పగలడం కన్నా, పురుగు పట్టడం కన్నా, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల వాలిపోతుంది.

పరుపు సంగతి త్వరగా చెప్పేస్తాను. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, గాలి నిండి ఉంటుంది. పైన మైనం పూత లాంటిది ఉండటం వల్ల నీటిని త్వరగా పీల్చదు. ఒకప్పుడు నీళ్ళలో తేలే లైఫ్ జాకెట్లలో దీన్నే నింపేవారు. నున్నగా, పొట్టిగా ఉండే ఆ పోగును దారంగా వడకలేం. దిండ్లకూ పరుపులకూ మాత్రం దానికి సాటిలేదు. కుట్టిచ్చిన సాయిబుగారు నాకు చెప్పింది ఒక్కటే: "పక్షానికోసారి ఎండలో పడెయ్యండమ్మా, మళ్ళీ పొంగుతుంది." నేను మరకలు పడతాయని దాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టాను. బాల్కనీలో ఎండ వచ్చేది పొద్దున కాసేపే. బరువైన పరుపును అక్కడికి మోయడం బద్ధకమైంది. లోపలికి చేరిన తేమ తొడుగులోనే ఉండిపోయింది. నడుమ భాగం అణగారిపోయి ఒక వాసన పట్టుకుంది. పెడన దుప్పటి కూడా అంతే. కరక్కాయలో నానబెట్టి, పటికతో అచ్చు అద్ది, రంగు నీళ్ళలో ఉడికించి తీసే గుడ్డను నేను బ్లీచింగ్ కలిసిన పొడితో మెషీన్లో వేశాను. ముందు పసుపు పోయింది. తర్వాత ఎరుపు మాసినట్టయింది. కుంకుడురసం చాలని దుకాణంలోనే చెప్పి పంపారు. మిగిలినవాటిలో నిక్షేపంగా ఉన్నది జంపఖానా ఒక్కటే. దులపడం తప్ప అది నన్నేమీ అడగలేదు.

గొంగడి గురించి మాత్రం ఆగి చెప్పాలి. అది నేను కొన్న వస్తువు మాత్రమే కాదు, ఒక గొర్రెజాతి మిగిల్చిన ఉన్ని. ఆ ముతక నల్ల ఉన్ని దక్కనీ గొర్రెది. మాంసానికి ఎక్కువ బరువొస్తాయని తెలంగాణ పల్లెల్లో చాలా మందల్లోకి నెల్లూరు గొర్రెలు వచ్చాయి. వాటికి ఉన్ని ఉండదు, వెంట్రుకే. ఏడాదికి రెండుసార్లు కత్తిరించిన ఉన్నిని ఇంట్లో ఆడవాళ్ళు వడికితే, మగవాళ్ళు గుంటమగ్గం మీద నేస్తారు. దారానికి చింతగింజల గంజి పెడతారు. అందుకే కొత్త గొంగడి బిరుసుగా ఉండి చింతగింజ వాసనా గొర్రె వాసనా వేస్తుంది. వానలో కాపరి భుజాన వేసుకుంటే నీరు జారిపోయేది ఆ ఉన్ని, ఆ గంజి, ఆ బిగువైన నేత వల్లే.

అమ్మినావిడ మహబూబ్‌నగర్ వైపు మనిషి. "మిషిన్ల ఎయ్యకక్కా. ఎండల ఆరేసి దులుపు. శానేండ్లు ఉంటది" అని గట్టిగా చెప్పింది. నాకు వాసన నచ్చలేదు. ఒంటికి గుచ్చుకుంటోందనిపించింది. వేడినీళ్ళు, డిటర్జెంటు పోసి మెషీన్లో తిప్పాను. ఉన్ని పోగు మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. వేడీ కుదుపూ తగిలితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని మళ్ళీ విడిపోవు. బయటికి తీసేసరికి గొంగడి కుంచించుకుపోయి, దళసరిగా, అట్టలా అయిపోయింది. ఏ మగ్గమూ, ఏ చేయీ దాన్ని వెనక్కి తేలేదు. ఆవిడ అంత స్పష్టంగా చెప్పిన మాట చెవిన పెట్టనందుకు నాకు నా మీదే కోపం వస్తుంది.

ఇన్నిటిలోనూ నేను చేసింది ఒకటే తప్పని చాలా ఆలస్యంగా అర్థమైంది. చేతిపని అంటే చేసినవాళ్ళ చేతులు మాత్రమే అనుకున్నాను. వాళ్ళు చేసి ఇచ్చేస్తే పని అయిపోయిందనుకున్నాను. నవారు లాగడం, పరుపు ఎండేయడం, గొంగడి ఆరేయడం, ఇవి ఆ వస్తువులోని సగం పని. ఆ సగం నాది. ఆ సగానికి నేను ప్లాస్టిక్ తొడుగు, జిగురు, మెషీను పెట్టాను. ఎవరైనా నన్ను చేతిపని అభిమాని అంటే ఒప్పుకునేదాన్ని. ఆ అభిమానంలో నా చేతులు ఎప్పుడూ లేవు.

ఆచారిగారికి ఫోన్ చేశాను. మంచం పగిలిందని, పగిలింది నా వల్లేనని, ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర ఆయన పనికి వంక పెట్టానని కూడా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆయన అడిగింది కర్ర గురించే. ఎంత పగిలింది, పురుగు చేవలోకి వెళ్ళిందా అని. "ఇప్పటికి బాగా ఆరిపోయుంటుందండి. ఇహ అంతగా కదలదు. పగులు వెంటే కోసి పలకని రెండు చేద్దాం, తెల్లకర్ర తీసేద్దాం. జిగురు పట్టినచోట కోసేయడమే, మంచం పొడుగూ వెడల్పూ కాస్త తగ్గుద్ది. ఈసారి నవారుకే వదిలేద్దామండి" అన్నారు. సరేనన్నాను. ఆ మంచం ఇప్పుడు ఊళ్ళో ఉంది. అల్లిక వేసేటప్పుడు నేను కూడా కూర్చుంటానని చెప్పాను. లాగడానికి రెండో మనిషి ఎలాగూ కావాలి.

అమ్మ దగ్గర చేసిన తప్పు ఇంకా మిగిలింది. గృహప్రవేశానికి ఆవిడ తన పాత వాయిలు చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత తెచ్చింది. కలంకారీ పక్కన ఆ రంగులు నప్పవని, తర్వాత వాడుకుంటానులే అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా తిరిగి పట్టుకెళ్ళి తమ్ముడి పిల్లలకు ఇచ్చేసింది. నా గదిలోకి రాబోయిన వస్తువుల్లో నా కోసమే, నా ఒంటి చలి తెలిసిన మనిషి చేసింది అదొక్కటే.

దాన్ని అడిగి తెచ్చుకోను. పిల్లలు కప్పుకుంటున్నారు, అది వాళ్ళది. ఇంకొకటి నేనే కుడతానని అమ్మతో అన్నాను. ఆవిడ కళ్ళకు ఇప్పుడు సూది ఆనదు. బీరువాలోంచి చీరలు తీసింది. మెత్తబడినవి లోపలి పొరలకు, గట్టివి పైకీ కిందకీ అని వేరుచేసింది. అంచు నుంచి మొదలుపెట్టి గుండ్రంగా లోపలికి రావాలని చూపించింది. నేను కుట్టిన వరసలను కళ్ళతో కాక బొటనవేలితో తడిమి చూస్తుంది.

"కుట్టు పొడుగైపోతోందే," అంది నిన్న. "నిద్రలో కాలి వేలు అందులో దూరిందంటే అక్కణ్ణుంచే చిరుగుతుంది. ఈ వరస విప్పేసి మళ్ళీ కుట్టు."