విక్టోరియా స్పాంజి సూత్రం: టీకా, తాత్పర్యం

మూలం: ‘విక్టోరియా స్పాంజి. మూడు గుడ్లది. నడుమ రాస్ప్‌బెర్రీ జామ్. పైన పంచదార. క్రీమ్ కూడదు.’

అవతారిక: ఇంగ్లండు పల్లెల్లో వేసవిలో జరిగే పూల, కూరగాయల ప్రదర్శనల్లో వంటలకూ ఒక డేరా ఉంటుంది. ముందుగా పంచే పోటీల పట్టికలో ఈ సూత్రం ఇంచుమించు ఇలాగే చాలా ఊళ్లలో కనిపిస్తుంది. కర్త పేరు లేదు. కమిటీ అని సంప్రదాయం. అనుబంధ చతుష్టయం చెప్పాలి గనక: విషయం కేకు. ప్రయోజనం ఎర్ర కార్డు. అక్కడ మొదటి బహుమతి ఎరుపు, రెండోది నీలం. అమెరికా సంతల్లో నీలమే మొదటిది కాబట్టి సముద్రం దాటిన కుటుంబాలు కొన్నాళ్లు ఊరికే సంతోషిస్తాయి. అధికారి కుటుంబమంతా: తల్లి స్పాంజికి, తండ్రి ‘పురుషులకు మాత్రమే’ అన్న పండ్ల కేకుకు, పిల్లలు రంగులద్దిన బిస్కెట్లకు. ఓవెన్ మాత్రం ఇంటికి ఒక్కటే. అందువల్ల ముందురోజు రాత్రి ఆ ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోరు. నాలుగోది సంబంధం. కేకుకూ కార్డుకూ గల సంబంధం కింద విచారించబడుతుంది.

టీక: విక్టోరియా, పంచదార మొదలైనవి సుగమములు. ‘మూడు గుడ్లది’ అనగా గుడ్లను పెంకుతోనే తూచి, ఎంత తూగితే అంత వెన్న, అంత పంచదార, అంత పిండి తీసుకోవడం. ఆ పిండి తానే పొంగే రకం, అనగా బేకింగ్ పౌడరు కలిసినది. ఈ పౌడరు ప్రస్తావన వచ్చింది గనక ఆల్ఫ్రెడ్ బర్డ్‌ను దాటిపోవడం భావ్యం కాదు. బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం నడిపిన ఈయన భార్యకు గుడ్లు పడవు. 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి చేశాడు. ఆమెకు ఈస్టూ పడదు. 1843లో ఈస్టు అక్కర్లేని పౌడరు చేశాడు. ఆమెకు ఇంకొకటేదైనా పడకపోతే వంటశాస్త్రం ఇంకెంత ముందుకు పోయేదో! పోటీకి కాదు, ఇంట్లో మనిషి తినడానికి చేశాడన్నది గమనించవలసిన విషయం.

అయితే 1861లో పుస్తకంగా వచ్చిన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ గ్రంథంలో విక్టోరియా శాండ్‌విచ్ ఉంది, ఈ పౌడరు లేదు. గుడ్లు నాలుగు. జామ్ ఏదైనా సరే, మార్మలేడ్ అయినా సరే. పైగా వేళ్లంత ముక్కలు కోసి, అడ్డదిడ్డంగా పేర్చి వడ్డించమంది. ఈ కేకుకు మూలపురుషురాలి వంటి ఆవిడ నేడు డేరాలోకి పళ్లెం పట్టుకొస్తే దానిపక్కన మూడక్షరాలు పడతాయి: ఎన్.ఏ.ఎస్. పట్టిక ప్రకారం లేదు అని అర్థం.

శంక: క్రీమ్ ఎందుకు కూడదు?

సమాధానం: ఎవరూ చేయని పనిని శాస్త్రం నిషేధించదు, కనుక పూర్వం ఎవరో క్రీమ్ పెట్టి ఉండాలి. ఎండకు డేరాలో అది విరుగుతుంది. దృష్టఫలం ఉంది, ఒప్పుకోవచ్చు. రాస్ప్‌బెర్రీ నియమానికి అలాంటిదేమీ లేదు. స్ట్రాబెర్రీ జామ్ పాడవదు, కారిపోదు. కావున ఇది అదృష్టార్థం, అడగరాదు. ఇంట్లో ఉన్నది స్ట్రాబెర్రీ సీసానే అయిన పిల్ల మాత్రం అడుగుతుంది. దాని కేకును కత్తితో తాకనైనా తాకకుండా మూడక్షరాలు రాసి పోవడానికి న్యాయనిర్ణేత అక్కర్లేదు, రబ్బరు ముద్ర చాలు.

విశేషం: మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టినవాడు మెదకు సీమ వ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథుడు. డేరాలోని వ్యాఖ్యాతకు, అనగా న్యాయనిర్ణేతకు, అలాంటి ప్రతిజ్ఞలు లేవు. చల్లారబెట్టిన జాలీ గళ్లు కేకు మీద పడితే మార్కులు పోతాయి. మూలంలో జాలీ ఏదీ? అయినా తెలిసిన తల్లి జాలీ మీద పొడిగుడ్డ పరిచి, పై భాగం గుడ్డకు తగలకుండా కేకును మళ్లీ తిరగేస్తుంది. తెలియని తల్లి చక్కటి కేకు చేసి గళ్లతో పట్టుకొస్తుంది. ఉన్న అక్షరానికి ప్రాణమిచ్చే వ్యాఖ్యాతే లేని అక్షరానికీ శిక్ష వేయడం ఏ శాస్త్రంలోనిదో తెలియదు. రుచి ఊసు మూలంలోనూ లేదు. దాన్ని మాత్రం ఎవరూ అధ్యాహారం చేసుకోరు.

తాత్పర్యం: మూడు గుడ్లు తూచి, చెప్పిన జామే రాసి, పొద్దున్నే కేకును బల్ల మీద పెట్టి, పేరున్న కార్డు బోర్లించి, కుటుంబం డేరా విడిచిపోవలెను. తీర్పు ముగిసి తెరిచాక వచ్చి చూసుకోవలెను. బహుమతి సొమ్ము వెన్న ఖర్చుకు చాలదు. స్కోన్లు, షార్ట్‌బ్రెడ్ తరగతులను ఇదే రీతిని ఊహించుకోవలెను.