అచ్చిందా? పోయింది!

మా ఇంట్లో టీవీకి బొమ్మ తెప్పించే ఉద్యోగం నాకు 1987లో దొరికింది. ఆదివారం పొద్దున రామాయణం మొదలయ్యే ముందు డాబా ఎక్కి, చేప ముల్లు లాంటి యాంటెనా పైపు పట్టుకుని నిలబడటమే ఆ ఉద్యోగం. కింద టీవీ ముందు మా నాయిన, మధ్యలో మెట్ల మీద చెల్లె, పైన నేను. "అచ్చిందా?" అని నేను అరిస్తే, "అచ్చిందట" అని చెల్లె, ఆ మాట పూర్తయ్యేలోపు "పోయింది" అని నాయిన. నేను పైపు పట్టుకున్నంతసేపు రాముడు నిలకడగా ఉండేవాడు. వదిలితే అయోధ్యలో మంచు కురిసేది. అందువల్ల నేను రామాయణం చూసింది తక్కువ, పట్టుకున్నది ఎక్కువ.

ఆ అనుభవం ఉందన్న ధీమాతోనే రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లోంచి కొంత తీసి పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొన్నాను. సీట్లు పీకించి మంచం వేయించాను. చిన్న గ్యాస్ పొయ్యి, బ్యాటరీ, ఇరవై నాలుగు అంగుళాల టీవీ పెట్టించాను. దీన్ని క్యారవాన్ అంటారని మా ఇంటావిడకు చెప్పాను. "డీసీఎంల మేడారం పోయినట్టే గద" అన్నదామె. సినిమా హీరోలకు ఉంటుందన్నాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసి ఊరుకుంది.

టీవీకి ఛత్రి కావాలి. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఒక దుకాణంలో దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ పెట్టె తీసుకున్నాను. నెలనెలా రీచార్జి అక్కర్లేని డిష్ అది. ఎందుకు అదే తీసుకున్నానో ఇంట్లో చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. మెకానిక్ వచ్చి బండి టాపు మీద ఛత్రి నిలబెట్టి, పది నిమిషాల్లో బొమ్మ తెప్పించాడు. "ఏ దిక్కుకు పెట్టినవ్ బిడ్డా?" అని మా ఆవిడ అడిగింది. "ఆగ్నేయం అమ్మా." "పొయ్యి మూల. మంచిదే" అని వాస్తు ఒప్పుకుంది. అతను వెళ్లాక, దారిలో గాలికి కదలకూడదని నాలుగు పెద్ద బోల్టులు తెచ్చి ఛత్రిని ఆగ్నేయానికే గట్టిగా బిగించేశాను. నా తెలివి మీద నాకు ముచ్చటేసింది.

ఇల్లు కదలదు, బండి కదులుతుంది అన్న సంగతి నాకు కెస్లాపూర్ చేరాక గానీ తట్టలేదు.

కెస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు బయల్దేరాం. కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి లక్సెట్టిపేట, అక్కణ్నుంచి జన్నారం మీదుగా ఉట్నూరు. జన్నారం దాటాక టేకు అడవిలో ఒక కొమ్మ వంగి ఛత్రి కేబుల్‌ని పట్టి లాగింది. పెట్టె వైపు చివరి పిన్ను ఊడొచ్చింది. బండి ఆపి, పళ్లతో కేబుల్ తోలు ఒలిచి, పిన్ను మళ్లీ తొడిగాను. కత్తెర ఇస్తానంది మా ఆవిడ. అక్కర్లేదన్నాను. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, నేను పెట్టుకోలేదు.

ఇంద్రవెల్లి దాటి కెస్లాపూర్ చేరేసరికి పొద్దుగూకింది. నాగోబాను కొలిచే మెస్రం వంశం వాళ్లు గోదావరిలోని హస్తినమడుగు నుంచి కాలినడకన జలం తెచ్చారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు మహాపూజ. మర్రిచెట్ల కింద వాళ్ల ఎడ్లబండ్లు బారులు తీరి ఉన్నాయి. బండ్ల పక్కనే పొయ్యిలు, పిల్లలు, గడ్డి మేస్తున్న ఎడ్లు. నేను క్యారవాన్ అన్న మాట నేర్చుకోక ఎన్నో తరాల ముందునుంచే వాళ్లు బండి కట్టుకొచ్చి ఇక్కడ కాపురం పెడుతున్నారు. ఏ దిక్కుకు ఆపినా పనిచేసే బండ్లవి.

నేను దూరంగా ఒక చేను అంచున ఆపి టీవీ పెట్టాను. సిగ్నల్ లేదు. కారణం మాత్రం వెంటనే తెలిసింది: ఛత్రి బండికి అతుక్కుని ఉంది, బండి ముక్కు ఎటో ఉంది. బోల్టులు విప్పే పానా ఇంట్లో మర్చిపోయాను కాబట్టి బండినే తిప్పాలనుకున్నాను. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. "గిదేందయ్యా, పొలం దున్నుతానవా?" అని లోపల్నుంచి మా ఆవిడ. నాలుగోసారికి పిల్లలు చేరారు. తొమ్మిదోసారికి ఒక ముసలాయన తన ఎడ్లను కాస్త దూరం జరిపి కట్టుకున్నాడు.

ఈ లోపు ఊరుకోక ఆమెకు పాఠం చెప్పాను. మనకు బొమ్మ పంపే జీశాట్-15 ఉపగ్రహాన్ని 2015 నవంబర్‌లో దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి ఎగరేశారు. భూమధ్యరేఖకు పైన 93.5 డిగ్రీల తూర్పున, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. మన చూపు ఒక్క డిగ్రీ తప్పితే అక్కడ ఆరు వందల కిలోమీటర్లకు పైగా తప్పినట్టు. 1975లో ఉపగ్రహంతో టీవీ చూపే సైట్ ప్రయోగం జరిగినప్పుడు, అప్పటి మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు కోళ్ల జాలీతో చేసిన పదడుగుల ఛత్రిలతో టీవీ చూపించారు అని కూడా చెప్పాను. "కోళ్ల జాలీకి అచ్చింది గని నీకు అత్తలేదు" అన్నది.

బామ్మర్దికి ఫోన్ చేశాను. వాడికి ఎలక్ట్రీషియన్ పని రాదు, ధైర్యం మాత్రం వస్తుంది. "ఫోన్ల దిక్సూచి ఉంటది బావా, టాపెక్కి చూడు" అన్నాడు. ఎక్కాను. ఇనుప టాపు మీద నిలబడి దిక్సూచి చూస్తే ఏమవుతుందో ఎనిమిదో తరగతి పిల్లవాడు చెప్తాడు. నేను అడుగు వేసినప్పుడల్లా ఉత్తరం నాతో పాటే నడిచింది. ఒక దశలో సూర్యుడు మునిగిన వైపే తూర్పు అని ఫోను చెప్తే, నమ్మాలా వద్దా అని నిజంగానే ఆలోచించాను.

ముసలాయన దగ్గర పానా దొరికింది. ఎడ్లబండికి పానా ఎందుకో అడగలేదు. బోల్టులు వదులు చేసి ఛత్రిని చేత్తో తిప్పాను. ఇక్కడినుంచి ఆ ఉపగ్రహం దాదాపు అరవై ఒక్క డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంటే నేల కన్నా నడినెత్తికే దగ్గర. అందుకని ఛత్రిని ఆకాశం వైపు వెల్లకిలా పడుకోబెట్టాను. ఈ రకం ఛత్రికి సిగ్నల్ పట్టే ముక్కు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఛత్రి చూసే చోటు, మన కంటికి చూస్తున్నట్టు కనిపించే చోటు కన్నా పాతిక డిగ్రీలదాకా పైన. అంటే అది పడుకోకుండా, వెనక్కి కొంత మాత్రమే వాలి నిలబడి ఉంటేనే సరిగ్గా ఉపగ్రహాన్ని చూస్తున్నట్టు. నేను పెట్టిన తీరుకు అది ఏ ఉపగ్రహాన్నీ చూడటం లేదు, వాన పడితే నీళ్లు పట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది. ఇది గ్రహించి సరిచేసేసరికి ఇంకోటి కనిపించింది: ఆగ్నేయాన సరిగ్గా అడ్డంగా, ఇంకా ఆకులు రాలని టేకుచెట్టు. టేకాకు అన్నం విస్తరంత ఉంటుంది. ఈ సిగ్నల్ గోడ చాటుకు రాదు, ఆకుల గుంపు చాటుకూ రాదు. బండి పదోసారి కదిలింది.

ఇప్పుడు దిక్కు సరే, ఎత్తు సరే, ఆకాశం ఖాళీ. అయినా సిగ్నల్ లేదు. జనవరిలో ఆ జిల్లాలో రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెకు దిగుతుంది. నా చేతులు ఛత్రికి అంటుకుపోయాయి. పెట్టె చెడిపోయిందని తీర్పిచ్చాను. దుకాణం వాణ్ణి నాలుగు మాటలన్నాను. పాపం, అతను వినలేదు.

మా ఆవిడ టార్చి తీసుకుని దిగింది. పెట్టె వెనక కేబుల్ పిన్ను విప్పి కళ్ల దగ్గర పెట్టుకుంది. ఆమె పెళ్లికి ముందు పదేళ్లు జగిత్యాలలో బీడీలు చుట్టింది. ఇప్పటికీ సంచిలో బీడీ కత్తెర ఉంటుంది. ఈ అడవుల తునికాకే ఆ కత్తెరతో రోజుకు వెయ్యి బీడీలకు సరిపడా కోసిన వేళ్లవి. "గీ ఎంటికె ఏంది?" అంది. చూశాను. కేబుల్ చుట్టూ ఉండే జాలీలోంచి వెంట్రుకంత పోగు ఒకటి వంగి నడుమ రాగితీగను ముట్టుకుంటోంది. ఛత్రి ముక్కుకు కరెంటు కూడా పెట్టె నుంచి ఈ తీగలోనే పోతుంది. పోగు తగిలితే షార్టు, ముక్కు పనిచెయ్యదు. జన్నారం అడవిలో నా పళ్లు చేసిన పని అది. ఆ తర్వాత మూడు గంటలు నేను తిప్పిందంతా చచ్చిన ఛత్రిని.

ఆమె పోగు కత్తిరించి, తోలు గుండ్రంగా కోసి, పిన్ను తొడిగింది. నేను టాపెక్కి ఛత్రి పట్టుకుని అణువణువూ జరిపాను.

"అచ్చిందా?"

"అచ్చింది! కదలకు."

కదలలేదు. బోల్టు బిగిస్తుంటే పోయింది, పట్టుకుంటే వచ్చింది. అరవై ఏళ్ల వయసులో, చలిలో, మళ్లీ అదే ఉద్యోగం. కాసేపటికి కిటికీలోంచి మాట వినిపించింది.

"నా సీరియల్ ఏ నంబర్ల అత్తది?"

నేను మాట్లాడలేదు.

"నిన్నే అడుగుతున్న."

రాదని చెప్పాను. ఆ చానెల్ డబ్బు కట్టేవాళ్లకే వస్తుందని, నెలనెలా రీచార్జి మిగులుతుందని ఇది తీసుకున్నానని, టాపు మీదనుంచి నేరం ఒప్పుకున్నాను. లోపల టీవీ ఆగింది. తలుపు చప్పుడు. ఆమె శాలువా కప్పుకుని, ఫ్లాస్కు పట్టుకుని, డోలు, పెప్రే వాయిద్యాలు వినిపిస్తున్న మర్రిచెట్ల వైపు నడిచింది. వెళ్తూ "ఇగ వదలచ్చు" అన్నది.

బండి అమ్మను. ఛత్రి మాత్రం ఎవరికైనా ఊరికే ఇస్తాను, రీచార్జి కూడా అక్కర్లేదు. కేబుల్ చివర మా ఇంటావిడ కోసింది, దానికి హామీ. నాలుగు బోల్టులు మీరే విప్పుకోవాలి. ముసలాయన పానా ఆయనకే ఇచ్చేశాను.