నాలుగవ రిమోట్

టీవీ, సెట్‌టాప్ బాక్స్, సౌండ్‌బార్ అనే మూడు పరికరాలున్న హాల్లో మూడు రిమోట్లు ఉండటం సహజమనీ, వాటిలో ఆ క్షణానికి కావలసినది మాత్రం సోఫా సందుల్లో ఉండటం అంతకంటే సహజమనీ గృహస్థులందరికీ తెలిసినదే. ఈ చిక్కును తీర్చడానికి పుట్టిన సాధనం యూనివర్సల్ రిమోట్, అనగా వేర్వేరు కంపెనీల పరికరాలన్నిటికీ ఒక్కటే ఆజ్ఞలు పంపే రిమోట్.

తొలినాటి రిమోట్‌తో ఈ చిక్కు లేదు: అమెరికాలో జెనిత్ సంస్థ 1950లో తెచ్చిన 'లేజీ బోన్స్' రిమోట్ టీవీకి తీగతో కట్టివుండేది కనుక కాళ్లకు అడ్డుపడేదే తప్ప కనబడకుండా పోయేది కాదు. 1955లో అదే సంస్థ తెచ్చిన 'ఫ్లాష్‌మాటిక్' కాంతిపుంజంతో పనిచేసేది. అందుచేత తెర మూలల్లోని గ్రాహకాలపై ఎండ పడితే సాక్షాత్తు సూర్యభగవానుడే చానల్ మార్చేవాడు. ఇతర రిమోట్ల సంకేతాలను నేర్చుకునే 'కోర్' అనే రిమోట్‌ను 1987లో అందించినది ఆపిల్ సహస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ నెలకొల్పిన సీఎల్ 9 సంస్థ.

నేటి రిమోట్లలో అధికభాగం పరారుణ కాంతిని, అనగా ఎరుపుకు అవతల ఉండి కంటికి కనబడని కాంతిని, సెకనుకు సుమారు 38,000 సార్లు మినుకుమనిపిస్తూ, ఆ మినుకుల గుంపుల, వాటి మధ్య విరామాల నిడివిలో ఆజ్ఞను ఇమిడ్చి పంపుతాయి. విస్తృతంగా వాడే ఎన్ఈసీ పద్ధతిలో వినడంలో పొరపాటు దొర్లకుండా ప్రతి ఆజ్ఞనూ ఒకసారి నేరుగానూ, మరొకసారి సున్నాలను ఒకట్లుగా, ఒకట్లను సున్నాలుగా తిరగేసీ పంపుతారు. ఏ మాటైనా రెండుసార్లు చెప్పనిదే ఇంట్లో చెల్లదన్న సంగతిని ఇంజనీర్లు కూడా గుర్తించారన్నమాట.

యూనివర్సల్ రిమోట్‌ను ప్రోగ్రామ్ చేయడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది కోడ్ అన్వేషణ: రిమోట్‌ను టీవీకి గురిపెట్టి, దానిలో ముందే నిక్షిప్తమైన కోడ్‌లను ఒక్కొక్కటిగా పంపుతూ, టీవీ ఆరిపోగానే ఆగాలి; ఆ ఆనందంలో మరొక్కసారి నొక్కినవాడు సరైన కోడ్‌ను దాటిపోయి, సాధన మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. రెండవది అభ్యసనం: పాత రిమోట్‌నూ కొత్త రిమోట్‌నూ పెళ్లిచూపుల్లోవలె ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్క బటన్ నొక్కి సంకేతాన్ని అప్పగించడం. మన దేశంలో అనేక సెట్‌టాప్ బాక్స్ రిమోట్ల మీద టీవీ కోసం ప్రత్యేకించిన కొన్ని బటన్లు ఈ విధంగానే విద్య నేర్చుకుంటాయి.

అయితే విద్య పూర్తయినా వివేకం రాదు. అనేక పరికరాలలో పవర్ బటన్ పంపే ఆజ్ఞకు 'వెలుగు' అనిగాని 'ఆరిపో' అనిగాని కాక, 'ఇప్పుడున్న స్థితిని మార్చుకో' అని మాత్రమే అర్థం. పైగా సాధారణ పరారుణ రిమోట్ చెప్పగలదేగాని వినలేదు. కాబట్టి టీవీ ముందే వెలిగివుంటే, అన్నిటినీ ఒకేసారి వెలిగించబోయిన గృహస్థుడికి బాక్స్ వెలిగి టీవీ ఆరిపోతుంది. మళ్లీ నొక్కితే టీవీ వెలిగి బాక్స్ ఆరిపోతుంది. ఈలోగా సీరియల్ అయిపోతుంది.

చిత్రం రంగులు, శబ్దం అమరికల వంటి లోపలి మెనూలు తరచుగా పాత రిమోట్ల అధీనంలోనే మిగులుతాయి కనుక, మూడింటిని ఒకటి చేయబోయిన ఇంట్లో చివరకు నాలుగు తేలతాయి. కావున యూనివర్సల్ రిమోట్ కొనదలచినవారు పాతవాటిని పారవేయక, సెల్స్ కారి వాటిని పాడుచేయకుండా ఆ సెల్స్‌ను తీసివేసి, రిమోట్లన్నిటినీ ఒకే సొరుగులో ఉంచి, ఆ సొరుగు ఏదో ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచడం శ్రేయస్కరం.