టోర్నడోకి ఎదురెళ్లిన పీపాను

నా పేరు టోటో. 55 గ్యాలన్ల పీపాను. నెత్తిన గాలివేగం కొలిచే పరికరం, కడుపులో పీడనం, తేమ కొలిచే సాధనాలు, అవి చెప్పింది నమోదు చేసే యంత్రం. 1980 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞులు అల్ బెడార్డ్, కార్ల్ రామ్జీ నన్ను తయారుచేశారు. 'విజర్డ్ ఆఫ్ ఆజ్' కథలో ఇంటితో సహా సుడిగాలికి ఎగిరిపోయే కుక్క పేరు నాకు పెట్టారు. శకునం చూసుకోలేదు కాబోలు! టోర్నడో దారిలో నన్ను దించేసి మనుషులు పారిపోవాలి, అది నా మీదుగా పోవాలి. అదీ నా ఉద్యోగం.

1981 నుంచి 1983 దాకా ఓక్లహామా యూనివర్సిటీ ప్రొఫెసర్ హోవర్డ్ బ్లూస్టీన్ బృందం నన్ను బండికెక్కించుకుని తిరిగింది. మేఘం ఊరించేది, తీరా చూస్తే ఏమీ దిగేది కాదు. వేడిగాలీ చల్లగాలీ ఢీకొంటే చాలు టోర్నడో పుట్టేస్తుందంటారు. అంత సులువైతే నాకు చేతినిండా పనే. నేల దగ్గర మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చిన తేమగాలి, దానిపైన పొడిగాలి ఉండాలి. పైకి పోయేకొద్దీ గాలి దిక్కూ వేగమూ మారుతుండాలి. అప్పుడు మధ్యలోని గాలి పడుకోబెట్టిన రోకలిలా అడ్డంగా దొర్లుతుంది. ఉరుముల మేఘంలోకి ఎగదన్నే గాలి ఆ దొర్లుడును లేపి నిలబెడుతుంది. దాంతో మేఘమే తిరగడం మొదలుపెడుతుంది. అలా తిరిగే మేఘాల్లోనూ చాలావాటికి సుడి నేలకు దిగదు. ఎందుకు దిగదో, ఆ ఆఖరి మెలిక శాస్త్రజ్ఞులకు ఇప్పటికీ పూర్తిగా చిక్కలేదు.

1984 ఏప్రిల్ 29న ఓక్లహామాలోని ఆర్డ్‌మోర్ దగ్గర ఒక బలహీనమైన టోర్నడో అంచు నన్ను తాకింది. అంతే, పడిపోయాను. నా బరువు అడుగున కాక మరీ పైన ఉందట! 1987లో ఇంటికి పంపేశారు. 1996లో వచ్చిన 'ట్విస్టర్' సినిమాలోని డొరొతి యంత్రానికి ప్రేరణ నేనే. సినిమా కాబట్టి అది నెగ్గింది.

2003 జూన్ 24న దక్షిణ డకోటాలోని మాంచెస్టర్ దగ్గర టోర్నడో పరిశోధకుడు టిమ్ సమరాస్ పెట్టిన పొట్టి పరికరం మాత్రం నిజంగానే నెగ్గింది. నేలను అంటిపెట్టుకుని ఉండి, పీడనం 100 మిల్లీబార్లు పడిపోవడాన్ని కొలిచింది. నాకు కుళ్లుగానే ఉంది.

ఆ పీడనం తేడాకే ఇళ్లు పేలిపోతాయని, ముందే కిటికీలు తెరవాలని ఒకప్పుడు తెగ నమ్మేవారు. ఇంటికి సందులు బోలెడు, పీడనం వాటిగుండా సర్దుకుంటుంది. ఇల్లు కూల్చేది గాలీ, అది విసిరే దూలాలూ రేకులూ. నన్ను పడేసిందీ ఆ గాలే కదా! కిటికీ తెరిస్తే గాలి లోపలికి చొరబడి కప్పును ఎగదోస్తుంది. తెరవబోయినవాడి మొహాన గాజుపెంకులు.

టోర్నడో నది దాటదన్నదీ అలాంటి మాటే. 1925లో 695 మందిని పొట్టనబెట్టుకున్న టోర్నడో మిసిసిపీనే దాటింది.

అన్నిటికన్నా చెడ్డది వంతెన నమ్మకం. 1991లో కాన్సస్ హైవే మీద వంతెన కింద దాక్కుని బతికి బయటపడ్డవాళ్ల వీడియో టీవీల్లో తెగ తిరిగింది. అది చూసి వంతెన క్షేమమనుకున్నారు. 1999 మే 3న ఓక్లహామాలో వంతెనల కింద ముగ్గురు చనిపోయారు. ఆ ఇరుకులో గాలి ఇంకా జోరెత్తుతుంది. వంతెన కింది గట్టు పైకి ఎక్కేకొద్దీ ఎగిరొచ్చే వస్తువుల దెబ్బా ఎక్కువే. పక్కా ఇల్లేదీ దగ్గర్లో లేకపోతే, పల్లంలో తల కప్పుకుని బోర్లా పడుకోవడమే దానికన్నా నయం.