నడుం నిలవాలంటే

నాలుగేళ్ల పిల్లాణ్ని తీసుకుని ఆమదాలవలస దగ్గర్నుంచి వచ్చారు అత్తాకోడళ్లు, శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు దగ్గరికి. కోడలి భుజాన రిజిస్టర్లు కుక్కిన సంచి.

"కూర్చుంటే గూనిలా వంగిపోతున్నాడు సార్. నిలబడితే పొట్ట ముందుకొచ్చేస్తోంది. బెల్టేదైనా రాస్తారేమోనని తెచ్చాం."

డాక్టరు చొక్కా విప్పించి వెన్ను తడిమి చూశారు. ముందుకు వంచారు, మునివేళ్ల మీద నిలబెట్టారు. ఒంటికాలి మీద గెంతమంటే పిల్లాడు ఒక్క గెంతుకే తూలి బల్ల పట్టుకున్నాడు.

"ఎముకల్లో లోపం లేదమ్మా. ఈ వయసులో పొట్ట కాస్త ముందుకుండటం, పాదం చదునుగా ఉండటం మామూలే. చాలనిది బలం. వెన్నును నిలబెట్టే కండలకు పనే పడటం లేదు. బెల్టు కడితే ఆ కాస్త పనీ బెల్టే చేసేస్తుంది. రోజంతా ఏం చేస్తాడు వీడు?"

"ఎల్‌కేజీ సార్, ఇంగ్లీషు మీడియం. ఎనిమిదింటికి వ్యానెక్కితే నాలుగింటికి దిగుతాడు. వచ్చాక హోంవర్కు. ఫోను చేతిలో పెడితేగానీ రాత్రి అన్నం తినడు."

"స్కూల్లో ఆటలు?"

"మేడ మీద క్లాసులండి, జాగా లేదు. కదిలితే మేడమ్ ఊరుకోరు."

వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట. ఆ నేల మీద పుట్టిన పిల్లాడు ఒంటికాలి మీద రెండు గెంతులు వెయ్యలేకపోవడం కడుపు తరుక్కుపోయే సంగతి.

డాక్టరు మందు చీటీ పక్కకు నెట్టారు. "మూడు నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అందులో 60 నిమిషాలు ఒగర్చేటంత ఆట. ఒక్క బిగిన గంటకు మించి కూర్చోబెట్టొద్దు. ఫోను, టీవీ అన్నీ కలిపి రోజుకు గంట దాటకూడదు. వీణ్ని బరువులెత్తమనడం లేదమ్మా. గెంతాలి, పాకాలి, ఎక్కాలి, దిగాలి. మీ వీధిలో అంగన్‌వాడీ ఉందా?"

"ఉందండి. మా ఇంటికి నాలుగిళ్ల అవతలే."

"అక్కడ పిల్లల్ని ఆడిస్తారా?"

"రోజూ ఆడిస్తారండి. పొద్దున్నే కప్పగంతులు, తర్వాత ముగ్గు గీత మీద నడక. పిల్లి నడక, ఒప్పులకుప్ప, బంతి విసరడం. పాట పాడుతూ చేతులు పైకెత్తి సాగదీయడం. వాన పడితే లోపలే దాగుడుమూతలు."

ఆమె గడగడా చెప్పుకుపోతుంటే డాక్టరు మొహం విప్పారింది. "ఇంతకన్నా ఏం కావాలి? రేపట్నుంచి వీణ్ని అక్కడ వదలండి. టీచరు శ్రద్ధ ఉన్న మనిషేనా?"

ఆమె సంచిని ఒళ్లోకి లాక్కుంది. జవాబు అత్తగారు చెప్పింది.

"శ్రద్ధకేటి లోటు బాబూ! ఊళ్లో గుంటల్నందర్నీ గెంతించీది మా కోడలే. ఆ సెంటరు టీచరు ఇదే."