జట్టుపెద్ద

గోదావరి మండలములలో పెండ్లికొక పెద్ద, పంపకములకొక పెద్ద, తీర్థమునకొక పెద్ద యున్నట్లే ఆటకును ఒక పెద్ద యుండును. క్రికెట్టుకు పెద్దలు వీథికి నలుగురు దొరకుదురు గనుక వారిని గూర్చి వ్రాయ పనిలేదు. పదునొకండుగురు దొరకుట దుర్లభమైన యూర, పదునొకండుగురితోగాని సాగని హాకీ ఆటను చేపట్టి, ఏటికొక పర్యాయము కాకినాడకో రాజమహేంద్రవరమునకో జట్టును వెంటబెట్టుకొనిపోయి, తమకంటె బలవంతులగువారి చేతిలో నిశ్శేషముగా నోడి, ఆ యోటమికి తక్కిన కాలమంతయు భాష్యము చెప్పుచు, మరుసటి యేటికి అంతకంటె ఘనమైన యోటమిని సంపాదించుటకు సన్నాహము చేయు మహానుభావుడొకడు కలడు. ఈ వ్యాసము ఆతనిని గూర్చినది.

ఈతడు కడుపుకొఱకు ఎరువుల కొట్టు నడుపును. ప్రాణముకొఱకు హాకీ జట్టు నడుపును. ఏబది యేండ్ల వయస్సు, మెడలో ఈల, మోకాలికి క్రేప్ బ్యాండేజీ, జేబులో చందా పుస్తకము ఈతని లక్షణములు. కొట్టులో బస్తాల వెనుక, రైతుల కంటబడకుండ, కర్రల కట్ట యొకటి యుండును. వంపు చీలిన కర్రను పారవేయుట ఈతని ధర్మశాస్త్రమున మహాపాతకము. చీలికలో ఫెవికాలు పోసి, పురికొసతో నొత్తుగా చుట్టి, రాత్రియంతయు ఏబది కిలోల డి.ఏ.పి. బస్తా క్రింద నదిమి, తెల్లవారగనే పైని పాత సైకిలు ట్యూబు పేలికలు బిగించి, చెవియొద్ద బెట్టుకొని రెండు తట్లు తట్టి, ధ్వని తృప్తికరముగ నున్నచో "ఆయ్, ఇంకో రెండేళ్ళు లాగించెయ్యొచ్చండీ" అనును. తెలుపు పోయిన బంతికి సున్నము కొట్టించును. ఆ బస్తాయే కావలెనని పట్టుపట్టిన రైతుతో "అదొక్కటీ అడక్కండి బావగారూ, దాని కింద సెంటర్ ఫార్వర్డు కర్ర ఉంది" అని చెప్పి బేరము పోగొట్టుకొన్న దినములును గలవు.

ఇక క్రీడారంగము. డెల్టా భూమి పంటకొఱకు బుట్టినది గాని యాటకొఱకు గాదు. సార్వా కోసి కుప్ప వేయుటయే తడవుగా అపరాలో దాళ్వాయో నేలనాక్రమించుకొనును గనుక, వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మటగాని హాకీకి జానెడు చోటు దక్కదు. దక్కిన చోటు బీటలువారిన నల్లమట్టి. గోలువైపు పోవలసిన బంతి పోవుచు పోవుచు బీటలో దిగబడి యదృశ్యమగును. అట్టియెడ ఫ్రీ హిట్టు ఏ పక్షమున కీయవలెనో నిబంధనావళిలో గానరాదు. ఇట్టి నేలపై శిక్షితులైన వీరులు కాకినాడలోని కృత్రిమపు పచ్చికపై, బంతి ఎందును ఆగక జారిపోవుచుండగా, అలవాటు చొప్పున అది యెచటనో దిగబడునని నిలుచుండి చూతురు. 2023 ఫిబ్రవరిలో సీనియర్ మహిళల జాతీయ హాకీ పోటీలు ఆ కాకినాడలోనే జరిగినపుడు, ఈతడు కొట్టు మూసి పిల్లలను వెంటబెట్టుకొని పోయెను. లోకమంతయు గోల్సు కొట్టువారిని జూచుచుండ, ఈతడు మాత్రము ఓడుచున్న జట్ల వెనుకవరుస తీరునే పరిశీలించి చందా పుస్తకము వెనుక వ్రాసికొనెను. "మనకి పనికొచ్చేది అదే కదండీ" అని దానికి హేతువు.

ఈతని పాండిత్యము సామాన్యమైనది గాదు. 1928 మొదలు 1956 వరకు ఒలింపిక్సులో భారతదేశము వరుసగా సాధించిన 6 స్వర్ణపతకములను గూర్చి ఎవరైనను చెప్పుదురు. ఈతనికి వానిపై గౌరవము లేకపోలేదు గాని, హృదయము మాత్రము ఓడినవారి పక్షముననే యుండును. 1932లో లాస్ ఏంజిలీసున హాకీకి దిగిన జట్లు మూడే. అమెరికావారు జపాను చేతిలో 9–2గను, మనవారి చేతిలో 24–1గను ఓడి, నాలుగవ జట్టు లేనందున కంచుపతకము మెడను వేసికొనిరి. "చూశారాండీ, ఆడిన రెండూ ఓడి పతకం కొట్టుకుపోయారు. ఓడితే అలా ఓడాలండీ" అనునపుడు ఈతని కన్నులు చెమర్చును. 1936 జూలైలో బెర్లిను ఒలింపిక్సుకు ముందు జరిగిన అభ్యాసపు పందెమున ధ్యాన్‌చంద్ జట్టు జర్మనుల చేతిలో 4–1గ నోడి, ఆగస్టు 15వ తేదీ అంత్యపందెమున ఆ జర్మనులనే 8–1గ నోడించిన వృత్తాంతము ఈతని బ్రహ్మాస్త్రము. "మనం ఇప్పుడు జూలైలో ఉన్నామండీ, అంతే" అనును. "ఇరవయ్యేళ్ళ బట్టీ జూలైయేనా బాబాయ్?" అని కుఱ్ఱవాడెవడేని యడిగినచో, "అధికమాసం వచ్చిందనుకోరా" అని ముగించును. 35 నిమిషముల చొప్పున రెండు భాగములుగ సాగెడి యాటను 15 నిమిషముల చొప్పున నాలుగుగ మార్చి, మొత్తముపై 10 నిమిషములు తగ్గించిన అంతర్జాతీయ సమాఖ్యను ఈతడు మనసార దీవించును. ఆ మేరకు మనకు రెండు గోల్సు మిగులునని ఈతని గణితము.

పందెపు దినమున ప్రతిపక్షముగ దిగిన పోలీసు జట్టును జూడవలెను. ఒకే యెత్తు, ఒకే చొక్కా. పరుగెత్తునపుడు బూట్ల చప్పుడు సయితము ఒక్కటే. మనవారిలో ఒక్కొక్కనిది ఒక్కొక్క తీరు. గోలు 12 అడుగుల వెడల్పు, 7 అడుగుల యెత్తు గనుక, అందు సాధ్యమైనంత భాగమును దేహముతోడనే పూరింపవలెనను సిద్ధాంతమున గోలుకీపరు పదవికి స్వీట్ల దుకాణదారు నియుక్తుడయ్యెను. ఫుల్‌బ్యాకు కరెంటు లైన్‌మన్. ఎచటనో ఫ్యూజు పోయినదని ఫోను వచ్చునేమో యని ఆతని చెవి గట్టువైపుననే యుండును. పదునొకండవవాడు ఆసుపత్రి పనిమీద వచ్చి బస్సు స్టాండులో జట్టుపెద్ద కంటబడినవాడు.

"ఎన్నయ్యాయండీ?" అని ఆలస్యముగ వచ్చిన పెద్దమనిషి యొకడు గట్టుమీద నడిగెను.

"ఎవరివండీ?"

"వాళ్ళవేనండీ. మనవి లెక్కెట్టక్కర్లేదు కదా."

విరామమున జట్టుపెద్ద నిమ్మసోడాలు పంచుచు, "భయపడకండ్రా, వాళ్ళు బాగా అలిసిపోయారు" అని ధైర్యము చెప్పగా, గోలుకీపరు ముఖము తుడుచుకొని "కొట్టీ కొట్టీనా బాబాయ్?" అని సందేహము వెలిబుచ్చెను. తుది భాగమున మనకొక పెనాల్టీ కార్నరు లభించెను. తోయవలసినవాడు తోసెను, ఆపవలసినవాడు ఆపలేదు, బంతి కొట్టవలసినవానిని సయితము దాటి ఆవలి గీతకడకు బోయెను. అయినను లభించుట లభించుటయే. ఆట 14–0గ ముగిసెను.

ఆ 14 తిరుగు బస్సులో క్రమముగ క్షీణింపజొచ్చెను. పూర్వపు ఆఫ్‌సైడు నిబంధన నేటికిని అమలునందున్నచో అందు ఆరు చెల్లవని రామచంద్రపురము చేరులోపల తేలెను, మిగిలినవి 8. రెండింట బంతికి కర్ర చదును గాక వీపు తగిలినదనియు, ఒకటి డి వెలుపలినుండి కొట్టినదనియు మండపేటలో నిర్ణయమయ్యెను, మిగిలినవి 5. ఊరి వంతెన కనబడగనే జట్టుపెద్ద సీటులోనుండి లేచి నిలుచుండెను.

"ఆ అయిదూ కొట్టిందెవర్రా? మన టైలరుగారబ్బాయే కదా. మన చేలో, మన కర్రతో నేర్చుకున్న దెబ్బే కదా. అవి వాళ్ళ ఖాతాలో ఎలా రాస్తారు?"

"అయితే మనమే అయిదు కొట్టి గెలిచామా బాబాయ్?"

"అంత మాటెందుకులే. డ్రా అనుకుందాం" అని ఔదార్యము చూపి ఈతడు బస్సు దిగెను. ఇంట నిల్లాలు గెలుపోటముల ప్రసక్తి తేలేదు, "ఎంతమంది వచ్చారు?" అని యడిగి, సమాధానమునకు ఆగక ఎసరు పెంచెను.

ఇంతవరకు నవ్వితిమి గదా. ఆ టైలరు కుమారుని సంగతి మాత్రము నవ్వుట కైనది గాదు. ఆ బాలుడు ఈతని కొట్టులోని కర్రతో, బీటలువారిన చేనిలో వట్టికాళ్ళతో నేర్చుకొని, క్రీడాకారుల కోటాలో ఉద్యోగము సంపాదించి, పందెమునకు ముందు మైదానము నడుమ ఈతని పాదములంటి నమస్కరించి, పిమ్మట ఈతని గోలులోనే అయిదుమార్లు బంతి నుంచెను. బాగుగ నేర్చిన ప్రతివాడును పోలీసు శాఖకో, రైల్వేకో, స్పోర్ట్సు హాస్టలుకో వెడలిపోవును. వెడలలేనివారు స్వీట్ల దుకాణదారుతో గలసి ఈ జట్టున మిగులుదురు. కావున ఈ జట్టు ఎన్నటికిని బలపడదు. బలపడినవారిని పరుల కప్పగించుటయే దీని వృత్తి, ఏటేట వారిచేత నోడుట దాని ఫలము. ఈ వ్యవహారము జట్టుపెద్దకు మనకంటె మున్నే తెలియును.

పాఠకులారా! మీ యూర నిట్టివా డుండి, చందా పుస్తకముతో మీ గుమ్మ మెక్కినపుడు, గెలిచిన దెన్నడని యడుగక నూరు రూపాయలిచ్చి రశీదు పుచ్చుకొనుడు. ఆడుటకు రమ్మని పిలిచినచో ఏ పనియు సాకుగ జెప్పక వెడలుడు. ఆతనికి పదునొకండవవాడు ఎల్లప్పుడును తక్కువే.