పేరుకే హరికేన్ లాంతర్ని

మా జాతిలో ఇంకెవరికీ ఇంత తలవంపు జరిగి ఉండదు. కరెంటు పోయినప్పుడు వెలగడానికి పుట్టినదాన్ని, కరెంటు పోగానే ఆరిపోయాను.

అది 2014 అక్టోబరు 12, ఆదివారం. ఇంకా తెల్లవారలేదు. విశాఖపట్నంలో రుషికొండ బీచికి కూతవేటు దూరాన ఉన్న ఒక గెస్ట్‌హౌస్ వరండాలో దూలానికి వేలాడుతున్నాను. లైట్లు రెండుసార్లు కొట్టుకున్నాయి. మూడోసారి వీధి దీపాలు, గదుల్లో ఏసీలు, వంటింట్లో ఫ్రిజ్, నేను, అందరం ఒక్కసారే పోయాం. చీకట్లో ఒక పెద్దావిడ గొంతు వినిపించింది: "వరండాలో లాంతరుందిగా, అది వెలిగించండి నాయనా." వాచ్‌మన్ నసిగాడు. "అది కరెంటు లాంతరు మామ్మగారూ."

ఆ మాట విన్నాక గాలి నన్నెత్తుకుపోయినా బాగుండునని అనిపించింది. నా కోరిక సగం తీరింది కూడా. అది తర్వాత చెబుతాను.

నన్ను హరికేన్ లాంతరు అంటారు. నోరు తిరగనివాళ్లు అరికెన్ లాంతరు అన్నారు, కొందరికి కందిలిని. హరికేన్ అంటే అట్లాంటిక్ సముద్రంలో లేచే పెనుతుపాను. గాలివానలో కూడా ఆరదని పెట్టిన పేరు. ఉత్త గొప్పకు పెట్టింది కాదు. నా రెండు పక్కలా వంపు తిరిగిన గొట్టాలు చూశారా? అవి పట్టుకోవడానికనుకుంటారు చాలామంది. పైన టోపీ దగ్గర చల్లగాలి ఆ గొట్టాల్లోకి దూరి, కిందికి దిగి, ఒత్తి దగ్గరికి నిదానంగా చేరుతుంది. మంటకు కావలసిన ఊపిరి గొట్టంలోంచే అందుతుంది. బయట ఈదురుగాలి ఎంత కొట్టినా అది నేరుగా మంట మీద పడదు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో జాన్ ఇర్విన్ అనే ఆయన కనిపెట్టిన కిటుకు ఇది. పాపం, బుడ్డిదీపానికి ఈ వసతి లేదు. ఎవరైనా తలుపు తీస్తే చాలు, దాని ప్రాణం పోతుంది.

భీమిలిలో ఒక మాస్టారింట్లో పాతికేళ్లు కాపురం చేశాను. సాయంత్రం నాలుగింటికి మాస్టారి కూతురు నా గ్లాసు విప్పి, ముగ్గుపిండి అద్దిన గుడ్డ లోపలికి తోసి మసి తుడిచేది. గ్లాసులో చెయ్యి దూరేంత చిన్నపిల్లగా ఉన్నన్నాళ్లూ నేను తళతళలాడాను. ఆ పిల్ల పెరిగి, చెయ్యి పట్టక, వేళ్లందినంత మేరే తుడవడం మొదలయ్యాక నడుము దగ్గర ఒక మసి చార శాశ్వతంగా మిగిలింది. ఒత్తి కత్తిరించడం మాత్రం మాస్టారి పనే. గడ్డం గీసుకున్న పాత బ్లేడుతో, గీత గీసినట్టు కోసేవాడు. ఒత్తి మూలలు పైకి లేచాయా, మంటకు కొమ్ములొస్తాయి, గ్లాసు ఒక పక్క నల్లబడుతుంది.

పేరు హరికేనే గానీ, నిజం చెప్పొద్దూ, ఆ పాతికేళ్లలో నేను చూసినవన్నీ కరెంటు కోతలు, వాయుగుండాలు. తుపాను విశాఖ దాకా వచ్చినట్టే వచ్చి ఒడిశాకో కోనసీమకో మళ్లిపోయేది. కొండలు అడ్డమున్నాయని కొందరు, సింహాద్రి అప్పన్న చూసుకుంటాడని కొందరు, మొత్తానికి ఊరికొక ధీమా ఉండేది.

మాస్టారింటికి ఇన్వర్టరు వచ్చింది. నేను అటకెక్కాను. అటక మీంచి పాత సామాన్ల బండి మీదికి, కిలోల లెక్కన. అక్కణ్నించి పాత వస్తువులతో హోటళ్లు అలంకరించే ఒకాయన చేతిలో పడ్డాను. ఆయన నా ఒత్తి పీకేశాడు. తొట్టి అడుగున డ్రిల్లుతో చిల్లు పెట్టాడు. ఆ చిల్లులోంచి సన్నటి తీగ ఎక్కించి, ఒత్తి సందులోంచి పైకి లాగి, బొటనవేలంత బల్బు తగిలించాడు. వెలుగు పాతదిగా కనిపించాలని గ్లాసు లోపల పసుపు రంగు పూశాడు. మాస్టారి కూతురు మసి తుడిచిన చోటే! గెస్ట్‌హౌస్‌కు వచ్చినవాళ్లు నా పక్కన నిలబడి ఫోటోలు దిగేవాళ్లు. "అచ్చం నిజం లాంతరులా ఉంది" అనేవాళ్లు.

తుపానుకు రెండు రోజుల ముందు, శుక్రవారం పొద్దున, గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి హైదరాబాదు నించి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, అక్కాతమ్ముళ్లు, నాయనమ్మ. బంగాళాఖాతంలో హుద్‌హుద్ తుపాను ఉందని టీవీలో చెబుతూనే ఉన్నారట. కానీ రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయి. గదికి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరు. పైగా ఒడిశా వైపు పోతుందిలే అనుకున్నారు. విశాఖ వాళ్లే అలా అనుకుంటుంటే హైదరాబాదు వాళ్లను అనేదేముంది?

పిల్లాడికి పదేళ్లుంటాయి, ప్రతిదానికీ ఒక సమాచారం. "హుద్‌హుద్ అంటే పిట్ట తెలుసా? నెత్తి మీద తురాయి ఉంటుంది. ఈ పేరు ఒమన్ వాళ్లు ఇచ్చారు" అని వరండాలో పోయే ప్రతివాడికీ చెప్పాడు. నన్ను చూసి, "హరికేన్లు మన దగ్గర రావు. ఇక్కడివి సైక్లోన్లు. దీని పేరు తప్పు" అన్నాడు. ఉన్న ఒక్క గౌరవం పేరు. అదీ తీసేశాడు.

నాయనమ్మ సంగతి నాకు మొదటి రోజే వింతగా తోచింది. అందరూ కుర్చీలు సముద్రం వైపు వేసుకుంటే ఆవిడ సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. "అటు తిరగమ్మా, అంత దూరం నించి వచ్చి గోడ చూస్తావేంటి?" అన్నాడు కొడుకు. "ఎండ కళ్లలో పడుతోందిరా" అంది. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

శనివారం జాలర్లు పడవల్ని రోడ్డు దాకా లాక్కొచ్చారు. పోలీసులు బీచిలోంచి జనాన్ని పంపేశారు. మర్నాటి రైళ్లు రద్దని తెలిసేసరికి బయటపడే దారి మూసుకుపోయింది. ఆ రాత్రి వాచ్‌మన్ పక్క పల్లె నించి భార్యనీ పిల్లల్నీ తీసుకొచ్చి, యజమానికి చెప్పకుండా సామాన్ల గదిలో పడుకోబెట్టాడు. వాళ్లతో రెండు దుప్పట్లు, బియ్యం డబ్బా, ప్లాస్టిక్ డబ్బాలో రేషన్ కిరసనాయిలు. నీలంగా ఉంటుంది అది. ఎన్నేళ్లకో ఆ వాసన తగిలింది.

ఇక ఆదివారం. కరెంటు పోయాక జనరేటర్ అన్నారు. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. తెల్లారేసరికి వరండా రేకులు ఒక్కొక్కటే లేచాయి. రేకు వెంట దూలం కదిలింది, నా తీగ తెగింది. కింద పూలకుండీలో పడి, దొర్లుకుంటూ మెట్ల కింద మూలన ఇరుక్కున్నాను. గ్లాసుకు ఒక వెంట్రుక పగులు. గాలి హోరు ఎలా ఉందని అడిగితే నేను చెప్పలేను, ఎందుకంటే నాకు ఎక్కువగా వినిపించింది నా చప్పుడే. పొట్టకు పెట్టిన చిల్లులోంచి గాలి దూరి, ఒత్తి సందులోంచి బయటికొచ్చి, ఆరేడు గంటలు ఆపకుండా ఈల వేశాను. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి అని తర్వాత విన్నాను. కొబ్బరిచెట్ల తలలు ఉత్తరం గాలికి దక్షిణానికి దువ్వినట్టు వంగిపోయాయి. మేడ మీది నీళ్ల ట్యాంకు నా కళ్లముందే రోడ్డు దాటి వెళ్లింది. లోపల వాళ్లు పరుపు కిటికీకి అడ్డంపెట్టి, అందరూ వీపులు ఆనించి నిలబడ్డారట.

మధ్యాహ్నం ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే, రేకు చివర్నించి నీటి చుక్క రాలడం వినిపించింది. తలుపు తెరుచుకుని పిల్లాడు బయటికి పరిగెత్తాడు. నన్ను చూశాడు, చెవి పట్టుకుని లేపాడు.

"బాబూ, లోనికొచ్చీండి! అయిపోనేదు. ఇది తుపాను కన్ను. మళ్లీ తిరగబడతాది" అని వాచ్‌మన్ అరుస్తున్నాడు. కానీ అంతకుముందే నాయనమ్మ గుమ్మం దాటి వచ్చి పిల్లాడి రెక్క పట్టుకుంది. ఆవిడ మొహంలో రక్తం లేదు. పిల్లాణ్ని లోపలికి ఈడ్చింది, వాడి చేతిలో ఉన్నందుకు నన్నూ ఈడ్చింది. తలుపు గడియ పడ్డ కాసేపటికి గాలి దక్షిణం నించి మొదలైంది. పొద్దున అటు వంగిన చెట్లన్నీ ఇటు విరిగాయి.

చీకటి పడేసరికి సెల్‌ఫోన్ల వెలుగు అయిపోయింది. అప్పుడు వాచ్‌మన్ నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు. బల్బు పీకాడు, తీగ లాగాడు. తొట్టికి చిల్లుంది, కిరసనాయిలు పోస్తే నిలవదు. అతను లేచి బట్టల సబ్బు ముక్క తెచ్చాడు. అరచేతిలో వేసి గట్టిగా పిసికి, చిల్లులో కూరి, బొటనవేలితో నొక్కి, పైన గుడ్డపేలిక చుట్టి మరికొంచెం సబ్బు మెత్తాడు. "కిరసనాయిలుకి సబ్బు కరగదమ్మా. పడవ ఇంజనుకి మేం సేసీదిదే." పిల్లాడు నోరెళ్లబెట్టి చూస్తున్నాడు. ఈ సమాచారం వాడి దగ్గర లేదు.

ఒత్తికేం చెయ్యాలి? నాయనమ్మ సంచీలోంచి లంగా తీసి, అంచు విప్పి, బొందు బయటికి లాగింది. నూలు నాడా, బల్లపరుపుగా, వేలంత వెడల్పు. "అయ్యో అత్తయ్యా" అంది కోడలు. "ఇంకొకటి ఉందిలేవే" అందావిడ. గ్లాసులోని పసుపు రంగును చెమ్చా అంచుతో గీకింది. ఒత్తిని కిరసనాయిల్లో నానబెట్టి, మర తిప్పి పైకి లాగి, పళ్లతో కొరికి సమం చేసింది. మాస్టారి బ్లేడంత నున్నగా రాలేదు, కొమ్ములు మిగిలాయి. ఆ రాత్రి వాటిని నేను పట్టించుకోలేదు. పూజ సంచీలో అగ్గిపెట్టె పొడిగానే ఉంది.

వెలిగాను.

ఆ వెలుతురులో సామాన్ల గది జనం, గెస్ట్‌హౌస్ జనం ఒకే చాప మీద కూర్చున్నారు. వాచ్‌మన్ భార్య గంజి కాచింది. కిటికీల్లో అద్దాలు లేవు, గాలి ఇంకా కొడుతూనే ఉంది. నా మంట ఒకసారి ఊగి నిలబడింది. ఇర్విన్ గారి గొట్టాలు పనిచేస్తున్నాయి. "ఆరట్లేదే!" అన్నాడు పిల్లాడు. ఆ ఒక్క మాటకు వాణ్ని క్షమించాను.

పిల్లలు నిద్రపోయాక కొడుకు అడిగాడు, "గాలి ఆగితే నమ్మకూడదని నీకెలా తెలుసమ్మా?"

ఆవిడ నా మర కాస్త తగ్గించింది. మాట్లాడేముందు దీపం తగ్గించేవాళ్లను భీమిలిలో చాలామందిని చూశాను.

"1977లో నీకు ఏడాది. దివిసీమలో మా పుట్టింట్లో ఉన్నాం" అంది. నవంబరు 19, శనివారం. ఆ ఉప్పెన పేరు కొడుక్కి తెలుసు, పదివేల మందికి పైగా పోయారనీ తెలుసు. తాను ఆ నీళ్ల మధ్య ఉన్నానని మాత్రం తెలియదు. "స్కూలు మేడ మీదికెక్కాం. నిన్ను చీరతో నా వీపుకు కట్టుకున్నాను. ఎవరో ఒక లాంతరు తెచ్చారు. వచ్చినవాళ్లందరి మొహాల దగ్గరా అది పెట్టి చూశాను. మా నాన్న వచ్చాడేమోనని, చెల్లెలు వచ్చిందేమోనని. మళ్లీ మొదటి నించి చూశాను. తెల్లారేదాకా చూస్తూనే ఉన్నాను."

ఇంకేం చెప్పలేదు. కొడుకు ఇంకేం అడగలేదు. ఆ లాంతరు నేను కాదు. నా తోబుట్టువు ఎవరో అయ్యుండాలి. దాని పని ఎంత కష్టమో నేను ఊహించగలను. మొహం తర్వాత మొహం వెలిగించాలి, కానీ ఉన్నవాళ్లనే చూపించగలదు.

తర్వాతి రోజుల గురించి విశాఖ వాళ్లనెవరినడిగినా చెబుతారు. పచ్చటి కైలాసగిరి నిప్పు పెట్టినట్టు గోధుమరంగుకు తిరిగింది. విమానాశ్రయం పైకప్పు ఊడింది. స్తంభాలు వరసలు వరసలుగా పడుకున్నాయి. మోటార్లు ఆడక నీళ్లు లేవు, పాలప్యాకెట్టు ఎంతంటే అంత, పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూ. కార్లున్నవాళ్ల దగ్గర ఫోన్లకు చార్జింగ్ కోసం బతిమాలుకోవడం. ప్రధాని మంగళవారం వచ్చి వెళ్లారు. మా వాళ్లు బుధవారం రోడ్డు తెరిచాక ఆర్టీసీ కాంప్లెక్సు నించి బస్సులో వెళ్లారు. వెళ్లేముందు పిల్లాడు సముద్రం దగ్గరికి పోయి ఒక్కసారి కాళ్లు తడుపుకొచ్చాడు. నాయనమ్మ కుర్చీ మాత్రం గోడ వైపే ఉంది. ఆ కుర్చీ తిరగాలని నాకు లేదు.

ఆ నెల 23న దీపావళి. ఊరినిండా ఎండిన కొమ్మల గుట్టలు, నిప్పురవ్వ పడితే అంటుకుంటాయని టపాకాయలు కాల్చొద్దన్నారు. వాచ్‌మన్ పిల్లలు నన్ను మధ్యలో పెట్టి చుట్టూ ప్రమిదలు పేర్చారు. లంగా నాడా అప్పటికి సగమయింది.

వరండాకు కొత్త రేకులేశారు. ఎలక్ట్రీషియన్ వచ్చి నాడా పీకేసి, మళ్లీ బల్బు పెట్టాడు. అడుగున సబ్బు గట్టిపడి రాలేదు. స్క్రూడ్రైవరుతో పొడిచి పొడిచి విసుగొచ్చి, తీగను పక్కనించి చుట్టి తెచ్చాడు. మళ్లీ దూలానికి వేలాడుతున్నాను, మళ్లీ ఫోటోలు దిగుతున్నారు. కాకపోతే ఈమధ్య వరండాలో కాఫీ తాగేవాళ్లు ముక్కు ఎగబీల్చి అటూ ఇటూ చూస్తున్నారు. కిరసనాయిలు వాసనొస్తోందని మేనేజరుకు చెబుతున్నారు. మేనేజరు వాచ్‌మన్‌ను పిలుస్తున్నాడు. వాచ్‌మన్ తలెత్తి నన్ను చూసి, "ఏటో సార్, నాకేటీ రావట్నేదు" అంటున్నాడు.